నెలల తరబడి ఒకే కటా ఎందుకు?

ప్రశ్న: ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి పొద్దున్నే ఆర్ట్స్ కళాశాల మైదానంలో కరాటే నేర్చుకుంటోంది. మాస్టారు నెలల తరబడి హెయాన్ షోదాన్ అనే ఒకే కటాను, అంటే నిర్ణీత కదలికల వరుసను, చేయిస్తున్నారు. ఆమె స్నేహితురాలు వెళ్లే చోట ఈలోగా రెండు బెల్టులు మారాయి, పోటీలకూ తీసుకువెళుతున్నారు. గాలిలోకి చేతులు విసిరితే ఆత్మరక్షణ ఎలా వస్తుంది? పైగా మొన్న గొడవపడి తమ్ముడిని గుద్దింది. మాస్టారిని మార్చమంటారా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: మార్చవద్దమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఆయన పాత పద్ధతినే నమ్ముకుని నేర్పుతున్నారని అర్థమవుతోంది.

ఆ కటా పుట్టిందే బడిపిల్లల కోసం. జపాన్‌లోని ఒకినావా దీవిలో గురువుల ఇళ్ల దగ్గర గుట్టుగా సాగిన ఈ విద్యను 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పాఠశాలల్లోకి తెచ్చిన ఇతోసు అంకో, పాత కటాలు పిల్లలకు బరువవుతాయని, పినాన్ పేరుతో ఐదు చిన్న కటాలను కూర్చారు. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయి, తర్వాత వాటిని హెయాన్ అని పిలిచారు. గురువు వరుసలో రెండోదిగా ఉన్న కటా మొదటిదానికన్నా సులువని దాన్ని ముందుకు జరిపారు. మీ అమ్మాయి చేస్తున్నది అదే.

ఇక గాలిలోకి విసిరే చేతుల సంగతి. రేపు ఆమె సాధన చేస్తున్నప్పుడు మొదటి నాలుగు కదలికలను శ్రద్ధగా చూడండి. ఎడమకు తిరిగి, పొట్ట కిందికి వచ్చే దెబ్బను ఎడమ చేత్తో పక్కకు తోసేస్తుంది. కుడి అడుగు ముందుకు వేసి గుద్దుతుంది. పూర్తిగా వెనక్కి తిరిగి ఈసారి కుడి చేత్తో అడ్డుకుంటుంది. నాలుగో కదలికలో, అడ్డుకున్న ఆ చేతినే తనవైపు లాక్కుని, గుండ్రంగా పైకి తిప్పి, పిడికిలి అడుగు భాగంతో కిందికి కొడుతుంది. చూసేవారికి ఇది అలంకారంలా కనిపించవచ్చు గానీ, ఎవరైనా మణికట్టు పట్టుకున్నప్పుడు విడిపించుకునే పద్ధతి అందులో ఉంది. ఎంత బలమైన పట్టయినా బొటనవేలి వైపు బలహీనంగా ఉంటుంది కాబట్టి చేతిని ఆ వైపు నుంచే లాగాలి. ఇంట్లో మీరే ఆమె మణికట్టు పట్టుకుని, నాలుగో కదలిక చేయమని అడిగి చూడండి. ఇలా ప్రతి కదలికనూ విప్పి, ఎదుట మనిషిని నిలబెట్టి చేసే సాధనను బుంకాయ్ అంటారు.

కటాలో వరుస తెలియడం మొదటి మెట్టు మాత్రమే. మన పల్లెల్లో చెక్కభజన నేర్చుకునేవారికి కూడా అడుగుల లెక్క కొద్ది రోజుల్లోనే వచ్చేస్తుంది, కానీ లెక్క మరిచిపోయి అడుగు దానంతటదే పడేదాకా గురువు వదిలిపెట్టడు. తెక్కి అనే పేరున్న మూడు కటాల మీదే తాను పదేళ్లు గడిపానని ఫునాకోషి స్వయంగా రాసుకున్నారు. దానితో పోలిస్తే కొన్ని నెలలు ఎక్కువేమీ కాదు. బెల్టుల గురించి బెంగ అసలే వద్దు. పాత ఒకినావా గురువులకు బెల్టులే లేవు. జూడోలో ఉన్న పద్ధతిని తీసుకుని ఫునాకోషి తొలిసారి నల్ల బెల్టులు ఇచ్చింది 1924లో.

మీ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచింది తమ్ముడిని గుద్దిన విషయం. ఫునాకోషి తన శిష్యులకు ఇచ్చిన 20 సూత్రాల్లో మొదటిది, కరాటే నమస్కారంతో మొదలై నమస్కారంతోనే ముగుస్తుందని. రెండోది, కరాటేలో మొదటి దెబ్బ మనది కాదని. ఆయన సంప్రదాయంలో ఐదు హెయాన్ కటాలూ అడ్డుకోవడంతోనే మొదలవుతాయి, ఒక్కటి కూడా దెబ్బతో మొదలు కాదు. ఆ క్రమాన్ని వందలసార్లు చేసిన పిల్లకు, కోపం వచ్చినప్పుడు చేయి ముందుకు పోకుండా ఆగే అలవాటు ఒంట్లోకి దిగుతుందన్నది పాత గురువుల నమ్మకం, నా నమ్మకం కూడా. అయితే అది చెప్పకుండా వచ్చేది కాదు. జరిగింది మాస్టారికి తెలియజేయండి. తొలి కదలిక ఎందుకలా ఉందో ఆమెను కూర్చోబెట్టి ఆయన చెబితే, మీరు ఇంట్లో మందలించడం కన్నా బాగా ఎక్కుతుంది.

ఒక్క విషయం మాత్రం గమనించండి. ఏడాది గడిచినా బుంకాయ్ చూపించకుండా, జంటలుగా నిలబెట్టి సాధన చేయించకుండా కటా మాత్రమే సాగుతుంటే, అప్పుడు నిస్సంకోచంగా అడగండి. కటా, కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన), ప్రాథమిక కదలికలు మూడూ కలిసి నడవాల్సినవే.

ప్రశ్న: ఒలింపిక్స్‌లో చూసిన కటా, సంప్రదాయ కటా ఒకటేనా? వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: కటాలు అవే, లక్ష్యం వేరు. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఏడుగురు న్యాయనిర్ణేతలు సాంకేతికతకు 70 శాతం, శారీరక సామర్థ్యానికి 30 శాతం చొప్పున మార్కులు వేశారు. పురుషుల స్వర్ణం గెలిచిన కియునా ర్యో ఒకినావా వాడే. పోటీలో కదలిక చూసేవారికి స్పష్టంగా కనబడాలి. సాధనలో అది ఎదుటివాడి మీద పనిచేయాలి. కదలికల వరుస గుర్తుంచుకోవడానికి వీడియోలు పనికివస్తాయి. కానీ ముందుకాలి మోకాలు ఎంత వంగిందో, వెనుక మడమ నేలను వదిలిందో లేదో మీకు మీరే తెలుసుకోలేరు. కాబట్టి మాస్టారు చూసి దిద్దిన తర్వాతే ఇంట్లో పదేపదే చేయండి. లేకపోతే తప్పు అడుగే కాళ్లకు అలవాటవుతుంది, దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.