‘చదువుకో, నేను వద్దన్నానా?’ అంటారు, గంట మాత్రం మిగలదు

ప్రశ్న: నా వయసు 39. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. డిగ్రీ మొదటి ఏడాది పూర్తయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపేయవలసి వచ్చింది. నేను పని నేర్పిన అమ్మాయే, డిగ్రీ ఉన్న కారణంగా, ఈమధ్య నాకు పైఅధికారిగా వచ్చింది. ఉద్యోగం మానకుండా, వీలునుబట్టి చదువుకునే ఆన్‌లైన్ కోర్సులో చేరి డిగ్రీ పూర్తిచేయాలని ఉంది. మావారిని అడిగితే ‘చదువుకో, నేను వద్దన్నానా?’ అంటారు, కానీ ఇంట్లో ఏదీ మారదు. నాలుగేళ్ల క్రితం ఆయనకు చెప్పకుండా, నేను దాచుకున్న డబ్బుతో ఇలాంటి కోర్సులోనే చేరి, ఏడు నెలలకు మానేశాను. రాత్రి పది దాటాక లాప్‌టాప్ తెరిచి మొదటి పాఠంలోని మొదటి పదకొండు నిమిషాలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాటలు ఇప్పటికీ నోటికి వచ్చు. ఈ సంగతి మా అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ వయసులో నాకు చదువు ఎక్కుతుందా? మావారిని ఎలా ఒప్పించాలి? పాత సంగతి ఆయనకు చెప్పాలా, వద్దా?

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన రెండింటికీ తాళంచెవి అక్కడే ఉంది. మీవారిని ఎలా ఒప్పించాలని అడిగారు. ఆయన ఎప్పుడో ఒప్పుకున్నారు. ‘నేను వద్దన్నానా?’ అన్న మాటలో అబద్ధం లేదు, కాకపోతే అది పైసా ఖర్చు లేని మాట. మీరు చదవడానికి తాను ఏం వదులుకోవాలో ఆయన ఆలోచించలేదు, ఆలోచించవలసిన విధంగా మీరూ ఆయన ముందు పెట్టలేదు. ఇన్నాళ్లూ మీరు అడిగింది అనుమతి. మీకు కావలసింది గంటలు. అనుమతి ఒక్కసారి ఇస్తే సరిపోతుంది, గంటలు ప్రతివారం ఇవ్వాలి, అవి కూడా ఎవరో ఒకరి చేతిలోనుంచే రావాలి.

ఎన్ని గంటలు కావాలో ముందు మీకు తెలియాలి. ఐరోపా దేశాల క్రెడిట్ పద్ధతిలో మూడేళ్ల డిగ్రీకి 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అమెరికాలో డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు. అక్కడ ఒక్కో క్రెడిట్‌కు, దాదాపు పదిహేను వారాల పాటు, వారానికి ఒక గంట తరగతి, దానిపైన రెండు గంటల సొంత చదువు అని లెక్క, అంటే మొత్తం 45 గంటలు. ఏ దారిన వెళ్లినా డిగ్రీ అనేది 4,500 నుంచి 5,400 గంటల పనిగా తేలుతుంది. మీ పాత మొదటి సంవత్సరాన్ని కొత్త విశ్వవిద్యాలయం అంగీకరించి మూడోవంతు తగ్గించిందనుకుందాం. అప్పటికీ 3,000 నుంచి 3,600 గంటలు మిగులుతాయి. అందరూ పడుకున్నాక రోజుకో గంట చదువుతానన్నది మీ పాత పథకం. ఏడాదిలో నలభై ఐదు వారాలు ఒక్క రోజు కూడా తప్పకుండా చదివినా 315 గంటలే వస్తాయి, ఆ లెక్కన డిగ్రీ చేతికి రావడానికి పది పదకొండేళ్లు పడుతుంది. అదే వారానికి పదిహేను గంటలు దొరికితే నాలుగున్నర నుంచి ఐదేళ్ల పైచిలుకులో పూర్తవుతుంది. వారం రోజుల్లో నాలుగు రోజులు గంటన్నర చొప్పున, సెలవు రోజులు రెండింటిలో కలిపి తొమ్మిది గంటలు: ఆ పదిహేను ఇలా వస్తాయి. ఇది చిన్న కోరిక కాదు. సెలవు రోజుల్లో తొమ్మిది గంటల పాటు మీరు ఇంట్లో ఉండి కూడా లేనట్టే, ఆ సంగతిని మీవారూ పిల్లలూ ముందే తెలుసుకోవాలి.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఆ ఏడు నెలలనూ మరోసారి చూడండి. మీరు దాన్ని మీ అసమర్థతకు రుజువుగా ఇన్నాళ్లూ మోస్తున్నారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ పదకొండు నిమిషాల ముచ్చటే. పగలంతా అంకెలు సరిచూసి, ఇంటికి వచ్చి రెండో ఉద్యోగం లాంటి ఇంటిపని ముగించి, రాత్రి పది దాటాక, పక్కగదిలోకి వినపడకుండా శబ్దం తగ్గించి పాఠం పెట్టుకున్న మనిషికి పన్నెండో నిమిషంలో కళ్లు మూతపడటం సహజం. మరునాడు ఎక్కడ ఆగిందో గుర్తుండదు కనుక మళ్లీ మొదటినుంచి. పైగా ఆ చదువు రహస్యం. దాచుకున్న పనికోసం ‘ఈ గంట మీరు చూసుకోండి’ అని ఇంట్లో ఎవరినీ అడగలేరు. సంకల్పం లేక మానేశారని నేను అనుకోవడం లేదు. ఎవరూ ఇవ్వని సమయంలో చదవబోయారు, అంతే.

ఇలా మధ్యలో ఆగిపోవడం మీ ఒక్కరి కథా కాదు. దూరవిద్యలో మానేసేవారి శాతం రోజూ తరగతికి వెళ్లి చదివేవారిలో కంటే ఎక్కువగా ఉంటుందన్నది ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలిసిన విషయం. నెల్సన్ మండేలా 1940లో ఫోర్ట్ హేర్ కళాశాల చదువు మధ్యలోనే వదిలి రావలసి వచ్చింది. తర్వాత జొహానెస్‌బర్గ్‌లో ఒక న్యాయవాద సంస్థలో పనిచేస్తూ, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి పోస్టు ద్వారా చదివి బి.ఏ. పూర్తిచేశారు. న్యాయశాస్త్ర పట్టా కోసం మరో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన చదువు కూడా పూర్తికాలేదు, చివరికి ఖైదులో ఉండగా 1989లో, డెబ్బై దాటాక, అదే దూరవిద్య ద్వారా ఆ పట్టా అందుకున్నారు. ఆయన జీవితంతో మన జీవితాలను పోల్చడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆగిన చదువు ఆగినచోటే మనకోసం కూర్చుని ఉంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తట్టలేదు.

ఇక కోర్సు ఎంపిక. ‘మీకు వీలైనప్పుడు చదువుకోవచ్చు’ అన్న ప్రకటన చూసి మీలాంటివారు ఆకర్షితులవుతారు. నిజానికి ఆ మాటకు అర్థం, తరగతి వేళలు నిర్ణయించే బాధ్యతను విశ్వవిద్యాలయం మీ నెత్తిన పెట్టిందని. ఎప్పుడైనా చదవచ్చు అన్నది, ఇంటినిండా పనులున్న మనిషి విషయంలో, ఎప్పుడూ చదవకపోవడంగా మారడానికి ఎంతోకాలం పట్టదు. గడువులే లేని కోర్సులు కొన్ని ఉంటాయి. పాఠాన్ని ఏ వేళనైనా వినే వీలు ఇస్తూనే, వారం వారం అసైన్‌మెంటుకు గడువు పెట్టి, ఆలస్యమైతే ఫోను చేసి అడిగే అధ్యాపకుడో సమన్వయకర్తో ఉన్న కోర్సులు మరికొన్ని. మీకు రెండో రకమే సరిపడుతుందని నా అభిప్రాయం. ఏడు నెలల పాటు మీరు రాలేదని ఎవరూ గమనించని చోటికి మళ్లీ వెళ్లవద్దు.

ఫీజు కట్టకముందే కొన్ని సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ డిగ్రీకి ప్రభుత్వ గుర్తింపు ఉందా, దూరవిద్యలో పొందినా మీ సంస్థ దాన్ని ప్రమోషన్‌కు లెక్కిస్తుందా అన్నవి ముందు అడగండి. పాత కళాశాల నుంచి మొదటి సంవత్సరం మార్కుల జాబితా, అప్పటి సిలబస్ ప్రతి తెచ్చుకోండి. సిలబస్ లేకుండా మార్కులు మాత్రమే చూపితే, ఏ పేపరు దేనికి సమానమో తేల్చలేక క్రెడిట్ల బదిలీని నిరాకరించేవారు ఉంటారు. పాత చదువును ఇన్నేళ్లలోపుదైతేనే అంగీకరిస్తామనే నిబంధన కొన్నిచోట్ల ఉంటుంది, అది మీకు వర్తిస్తుందేమో చూసుకోవాలి. ఉద్యోగానుభవాన్ని పరీక్షించి, దానికి కొన్ని క్రెడిట్లు ఇచ్చే విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. మీ పద్నాలుగేళ్ల అకౌంట్స్ పని అక్కడ ఊరికే పోదు. ఇంకొక్క ప్రశ్న, అందరూ మరచిపోయేది: ఒక సెమిస్టరు ఆపవలసి వస్తే ఏమవుతుంది, మొత్తం డిగ్రీకి గరిష్ఠ గడువు ఎన్నేళ్లు? ఐదేళ్లలో ఏదో ఒక ఆర్నెల్లు ఇంట్లో ఎవరికో ఒకరికి మీ అవసరం పడుతుంది. ఆ విరామానికి చోటున్న కోర్సులోనే చేరండి.

వయసు గురించి భయపడ్డారు. కొత్త సమాచారాన్ని అందుకునే వేగం యవ్వనం దాటాక నెమ్మదిగా తగ్గుతుందన్నది వాస్తవమే. పదసంపద, లోకజ్ఞానం, వృత్తి అనుభవంతో వచ్చే అవగాహన మాత్రం మధ్యవయసు వరకూ పెరుగుతూనే ఉంటాయి. ట్రయల్ బ్యాలెన్స్ ఎందుకు కలవలేదో ఎన్నో సాయంత్రాలు కూర్చుని వెతికిన మీకు, ఆ అధ్యాయాన్ని పరీక్షకోసం బట్టీపట్టే కుర్రవాడికంటే లోతుగా అర్థమవుతుంది. గణాంకశాస్త్రం లాంటి పేపరు మాత్రం మిమ్మల్ని ఇబ్బంది పెట్టవచ్చు, అలాంటిది సెమిస్టరుకు ఒక్కటే తీసుకోండి. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసి 1885లో ప్రచురించిన ఫలితాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి: నేర్చుకున్నదాన్ని మొదటి గంటల్లోనే ఎక్కువగా మరచిపోతాం, ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చదివితే ఎక్కువకాలం గుర్తుంటుంది. నాలుగు రోజులు గంటన్నర చొప్పున అని నేను విడదీసి చెప్పింది అందుకే. ఆ గంటన్నర రాత్రి పదికి కాకుండా తెల్లవారుజామునో, ఆఫీసు ముగిశాక ఇంటికి బయలుదేరే ముందు అక్కడే ఏదైనా ఖాళీ గదిలోనో ఉండాలి.

మీ పైఅధికారి గురించి ఒక్క మాట. ఆమె వచ్చిన రోజునుంచి మీకు కలుగుతున్న బాధను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, కానీ ఐదేళ్ల చదువును ఆ బాధ మీద నిలబెట్టలేరు. ఆమెకు బదిలీ అయిన మరునాడు మీకు పుస్తకం తెరవాలనిపించకపోతే? డిగ్రీ ఉంటే ఏ హోదాకు అర్హత వస్తుందో మీ సంస్థ సిబ్బంది విభాగాన్ని అడగండి. ఫీజులో కొంత భరించే పద్ధతి, పరీక్షలకు సెలవు ఇచ్చే నిబంధన ఉన్నాయేమో కూడా అక్కడే తెలుస్తుంది. డిగ్రీ వచ్చినా ప్రమోషన్ రాదని తేలితే, అప్పటికీ చదవాలనిపిస్తోందా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. అవుననే జవాబు వస్తే నాకు సంతోషమే, కాదన్నా అందులో తప్పులేదు.

ఇవన్నీ తేల్చుకున్నాక మీవారితో కూర్చోండి. ఆయన ఫోను చూసుకుంటున్నప్పుడో, మీరు గిన్నెలు కడుగుతున్నప్పుడో కాదు. వారంలోని ఏడు రోజులూ గీసిన కాగితం ఒకటి మధ్యలో పెట్టుకుని, ఇద్దరి పనులూ అందులో రాయండి. పిల్లల చదువు ఎవరు చూస్తున్నారు, బిల్లులు ఎవరు కడుతున్నారు, రాత్రి తలుపులు వేసేది ఎవరు అన్న చిన్న పనులు కూడా. చాలా ఇళ్లలో ఈ కాగితం నిండేసరికే సగం వాదన అవసరం లేకుండా పోవడం నేను చూశాను. తర్వాత ‘నాకు సహాయం చేయండి’ అనకండి, సహాయం అంటే ఆ పని మీదేననీ ఆయన చేయి కలుపుతున్నారనీ అర్థం వస్తుంది. ‘ఈ నాలుగు రోజులు ఈ గంటన్నరలో ఇల్లు మీది, నన్ను ఏ సంగతీ అడగవద్దు’ అని చెప్పండి. తలుపు వేసుకుని మీరు చదువుతుంటే ‘ఆ బిల్లు ఎక్కడ పెట్టావు?’ అని బయటినుంచి వచ్చే ఒక్క కేకకు ఎంత చదువు చెదిరిపోతుందో మీకు తెలుసు, ఆయనకు తెలియదు. కొన్ని పనులు ఇద్దరూ చేయలేరని తేలితే వాటిని అసలు మానేయండి. ఇల్లు ఇప్పుడున్నంత చక్కగా సర్ది ఉండదు. అది ముందు మీకే కష్టంగా ఉంటుందని నా అనుమానం.

ఆ ఏడు నెలల సంగతి ఆయనకు చెప్పండి, ఈ కాగితం ముందే చెప్పండి. డబ్బు మీదే అయినా దాచడం దాచడమే కనుక ఆయన నొచ్చుకోవచ్చు, ‘నాకెందుకు చెప్పలేదు?’ అనవచ్చు. దానికి సంజాయిషీలు పేర్చకుండా, ఓడిపోతానన్న భయంతో చెప్పలేదని ఒక్కమాటలో ఒప్పుకోండి. తర్వాత, ఎలా ఆగిపోయిందో చెప్పండి: రాత్రి పది గంటలు, తగ్గించిన శబ్దం, పదకొండు నిమిషాలు. ఈసారి గంటలు ఎందుకు అడుగుతున్నారో ఆయనకు అప్పుడు అర్థమవుతుంది.

ఫీజు మాత్రం వెంటనే కట్టకండి. చేరికకు గడువు ఉంటుంది కనుక దానికి ముందు నాలుగు వారాలు, మీ పాత మొదటి సంవత్సరం పుస్తకాలతోనే ఈ కాలపట్టికను నడిపి చూడండి. నిజంగా చదివిన గంటలను ఏరోజుకారోజు ఆ కాగితం మీదే రాయండి. వారానికి పన్నెండుకు పైగా దొరికితే మూడు పేపర్లతో చేరండి, ఎనిమిదీ తొమ్మిదీ దగ్గర ఆగితే ఒకటి రెండు పేపర్లతోనే మొదలుపెట్టండి. ఐదు కూడా దాటకపోతే తర్వాతి బ్యాచ్ వరకూ ఆగి, ఆ కాగితాన్నే మళ్లీ మీవారి ముందు పెట్టండి.