వెనక చక్రం ఎందుకంత చిన్నది?

ప్రశ్న: ఆఫీసుకు రోజూ 110 సీసీ స్కూటరు మీద వెళ్తాను. గుంతల్లో వెనక చక్రం దబ్బున పడి నడుము పట్టేస్తోంది. కంపెనీలు దీన్ని సరిచేయలేవా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చేయగలవండి. ఈ తరగతిలో చాలా స్కూటర్లకు ముందు చక్రం 12 అంగుళాలున్నా వెనకది 10 అంగుళాలే. చక్రం ఎంత చిన్నదైతే గుంతలోకి అంత లోతుగా దిగుతుంది కనుక, ఆ కుదుపు నేరుగా సీటుకు చేరుతుంది. రెండు చక్రాలూ 12 అంగుళాలున్న టీవీఎస్ జూపిటర్ వంటివి ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. మమ్మల్నడిగితే పంక్చరు సంగతి కూడా చూడాలి: కొన్ని మోడళ్లలో వెనక చక్రం విప్పాలంటే ముందు సైలెన్సరు ఊడదీయాలి, అది కాలిపోతూ ఉంటే మెకానిక్కయినా చల్లారేదాకా ఆగవలసిందే. ప్రస్తుతానికి టైర్లలో గాలి కంపెనీ చెప్పిన కొలతకు మించకుండా చూసుకోండి.