కోడి ఆగిపోతే ముందు డబ్బా మీద చెయ్యి పెట్టండి

టీవీకి కలిపిన పాత పీసీలో కోడి (సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేర్) పెడితే, సినిమా 20 నిమిషాలు బాగానే ఆడి తర్వాత బొమ్మ బిగుసుకుపోతోంది, విండోస్ మళ్లీ వేయించాలా అని అడిగారు. వద్దండీ. నేను వేయించి చూశాను. ఐదొందలు పోయాయి, మా వాడి పుట్టినరోజు ఫోటోలు పోయాయి, బొమ్మ మాత్రం మళ్లీ 20 నిమిషాలకే ఆగింది. ఏ జబ్బుకైనా ఫార్మాట్ కొట్టడం ఒక్కటే మందనుకునే కుర్రాళ్లు వీధికొకడు ఉన్నాడు మనకి. వాడు డబ్బా మూత కూడా తీయలేదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. నా పీసీ ఐ3 4130, 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్. ఆఫీసు పనికి పనికిరాకుండా పోయాక హాల్లో టీవీ కింద పెట్టి కోడి వేసుకున్నాను. 2014 దాకా దాని పేరు ఎక్స్‌బీఎంసీ, అదే నయం. "ఏరా, మీ కోడి మళ్లీ పడుకుందా?" అని మా అమ్మ అడిగితే చుట్టాలు పెరట్లోకి తొంగి చూస్తున్నారు.

కిందటేడు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. నరసరావుపేట నుంచి మా పెదనాన్న వాళ్లొచ్చారు. రాత్రి అన్నాలయ్యాక అందరం చాపలేసుకుని కూర్చుని సినిమా పెట్టాను. ఫైటు మొదలైంది. హీరో చెయ్యెత్తాడు, ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. మాట మాత్రం ఆగలేదు. ఎవడో దెబ్బలు తింటున్నాడు, కుండలు పగులుతున్నాయి, ఇక్కడ హీరో చెయ్యి గాల్లోనే ఉంది. పెదనాన్న కాసేపు ఓపిక పట్టి, "ఇంతకీ కొట్టాడంట్రా?" అన్నాడు. అక్కడితో ఆ రాత్రి సినిమా అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే టీవీ యూనిట్ అద్దం తలుపు తీసి డబ్బా మీద చెయ్యి పెట్టాను. రాత్రంతా కట్టేసి ఉంది కాబట్టి ఏం తెలియలేదు. సినిమా మళ్లీ పెట్టి పావుగంట ఆగి పెడితే దోసె పెనమే. ఈ టీవీ యూనిట్లు చేసే వడ్రంగుల్ని అనాలి అసలు. సన్‌మైకా ఏ రంగో గంటసేపు అడుగుతారు, వెనకాల గాలి పోయే దారి మాత్రం వైరు పట్టేంత బెజ్జం ఒక్కటే. అద్దం తలుపు ఉంటే దుమ్ము పడదని మా ఆవిడ వాదన. అద్దం వెనకే దుమ్ము ఎలా ఉందో చూడండి మరి.

మూత విప్పితే ప్రాసెసర్ ఫ్యాను కింద ఉండే అల్యూమినియం రెక్కల మధ్య ఎర్రటి బూజు, చాపలా అల్లుకుని ఉంది. ఎర్రగా ఎందుకుందో ఆలోచించకుండా నోటితో ఉఫ్ అని ఊదాను. అంతే, కళ్లు, ముక్కు, గొంతు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. విషయమేంటంటే, మా అమ్మ ఏటా ఎండుమిరపకాయలు తెచ్చుకుని హాల్లో ఫ్యాను కింద కూర్చుని తొడాలు తీస్తుంది. ఆ ఘాటంతా మూడేళ్లుగా ఈ డబ్బా పీల్చి దాచిపెట్టింది. నేను నీళ్ల తొట్టి దగ్గర మొహం ముంచి కూర్చుంటే మా ఆవిడ లోపల నవ్వుతూనే ఉంది.

మీరు నోటితో ఊదకండి. పెయింట్ బ్రష్షు, బ్లోయరు చాలు. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున తిరిగి పాడవుతుంది. ప్రాసెసర్ వేడిని పై రెక్కలకి అందించే పేస్టు నాకు ఎండి సున్నంలా రాలింది. పాతది తుడిచేసి కందిగింజంత కొత్తది పెట్టాను. ప్రాసెసర్ వేడి చూపించే కోర్ టెంప్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే అంతకుముందు 97 డిగ్రీలు, తర్వాత అదే సినిమాకి 68. వంద దరిదాపులకి వెళ్తే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటుంది. 3.4 గిగాహెర్ట్జ్‌తో పరిగెత్తాల్సింది నడక మొదలెడుతుంది, బొమ్మ వెనకబడుతుంది.

మరి పాత పాటలు గంటలు గంటలు ఆడుతున్నాయి కదా అంటారు. నేనూ దాన్ని చూసే మోసపోయాను. అవి హెచ్.264 అనే పాత పద్ధతిలో కుదించిన ఫైళ్లు, వాటిని విప్పడానికి నాలుగో తరం చిప్పులో వేరే భాగమే ఉంది. ఇప్పుడొచ్చే హెచ్.265కి అలాంటి పూర్తి భాగం లేదు, భారం చాలావరకు ప్రాసెసర్ నెత్తినే. కోడిలో సినిమా ఆడుతుండగా కీబోర్డు మీద ఓ (O) అక్షరం నొక్కండి. వీడియో డీకోడర్ పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే ఆ వేరే భాగం చూసుకుంటోంది, ఎస్‌డబ్ల్యూ అని ఉంటే ప్రాసెసర్ చాకిరీ చేస్తోంది. రంగుల ఛాయలు ఎక్కువుండే పది బిట్ల హెచ్.265ని పూర్తిగా ఆ భాగంలోనే విప్పడం ఇంటెల్‌లో ఏడో తరం నుంచి. దుమ్ము దులిపాక నా దాంట్లో 1080పీ హాయిగా ఆడుతోంది, 4కే మాత్రం ఇప్పటికీ రెండో నిమిషంలోనే చేతులెత్తేస్తుంది. దానికి దులిపినా లాభం లేదు, డబ్బా మార్చడమే.

బొమ్మతో పాటు మాట కూడా ఆగిపోతుంటే మాత్రం అది చాలావరకు వేడి కాదు. హార్డ్ డిస్క్ కేబులో, వైఫైయో చూసుకోండి. బొమ్మ ఆగి మాట నడుస్తుంటే నూటికి తొంభై వేడే, నేను పందెం కాస్తాను. బ్రష్షు, పేస్టు కొనకముందే తేలాలంటే పక్క మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టి అదే సినిమా ఆడించండి. 20 నిమిషాల గడువు దాటిందా, దొంగ దొరికినట్టే.

అద్దం తలుపు ఊడదీసి బీరువా వెనక పెట్టాను. ఈ ఏడు అమ్మ తొడాలు తీయడానికి వరండాలో కూర్చుంది. కోడికి ఘాటు తగులుతుందని తనే చాప అక్కడికి లాక్కెళ్లింది.