కొత్త స్పీకర్ల మీద ఏం వినిపించాలి?

భవానీపురంలో కొత్త స్టీరియో పెట్టుకుని, బ్లూటూత్‌లో యూట్యూబ్ నుంచి ఘంటసాల పాటలు వేస్తే చుట్టాలు "మా టీవీలోనూ ఇలాగే వస్తుందిగా" అన్నారని రాశారు కదండీ. స్పీకర్ల తప్పేం లేదు. ఆ పాటల్లో చాలావరకు మోనో, రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం వస్తుంది. పైగా యూట్యూబ్‌లో ఉండేది కుదించిన ఆడియో. సీడీ గానీ ఫ్లాక్ ఫైలు (నాణ్యత తగ్గకుండా దాచిన డిజిటల్ పాట) గానీ తీసుకుని, వైరుతో కలపండి.

ముందు అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి ట్రాక్ పెట్టండి. పియానో, బేస్ మెల్లగా మొదలవుతాయి. కాసేపటికి ట్రంపెట్ సోలో అందుకునే చోట డ్రమ్మర్ సింబల్ (డ్రమ్స్ పక్కన ఉండే లోహపు పళ్లెం) మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అది ఖంగుమని మోగి, సన్నగా సాగుతూ ఎంతసేపటికి ఆగుతుందో వినండి. మామూలు సెట్‌లో 'ఛస్' మని అక్కడే చచ్చిపోతుంది. తర్వాత ఒక శాక్సోఫోన్ ఎడమ నుంచి, రెండోది కుడి నుంచి వస్తాయి. జాజ్ అంటే ఏంటో తెలియని మా బావగారు కూడా తల తిప్పి చూశారు!

మనవాళ్ల కోసం చిట్టిబాబు వీణ. తీగ మీద వేలు జారడం వినపడాలి. ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే. బెజవాడ ఎండలో పగలు ఆపితే చుట్టాలు లేచిపోతారు కాబట్టి రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి.