ముందు విమానాన్ని ఎగరనివ్వు

చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

రిమోట్‌తో ఎగరేసే ట్రైనర్ విమానం, అదే కొత్తవాళ్లు నేర్చుకునే మోడల్ విమానం, కొన్నావని తెలిసి చాలా సంతోషించాను. రెక్క పైన ఉన్న మోడలే తీసుకున్నావు, మంచి పని చేశావు. ఆ రెక్క చివరలు రెండూ కొంచెం పైకి లేచి ఉంటాయి, గమనించావా? విమానం ఒక పక్కకి ఒరిగినా మళ్లీ తనంతట తనే సర్దుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. అంటే ట్రైనర్‌కి ఎగరడం ముందే వచ్చు. మొదట్లో నువ్వు దానికి అడ్డం పడకుండా ఉంటే చాలు.

కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా పడేది కంగారు వల్లే. అది కాస్త ఎడమకి వంగగానే స్టిక్‌ని కుడికి ఆఖరిదాకా నెట్టేస్తారు. కుడికి ఒరిగిపోతుంది. వెంటనే మళ్లీ ఎడమకి. చూస్తుండగానే నేల తగులుతుంది. బొటనవేలితో స్టిక్‌ని కొంచెమే కదిలించు, మధ్యకి తీసుకురా, విమానం ఏం చేసిందో చూడు, ఆ తర్వాతే ఇంకోసారి. డ్యూయల్ రేట్ (స్టిక్ కదిలిస్తే విమానం ఎంత స్పందించాలో మార్చే స్విచ్) తక్కువలో పెట్టుకో. ఎంత ఒరిగిందో తెలియక టెన్షన్ వచ్చిందనుకో, తగినంత ఎత్తు ఉంటే థ్రాటిల్ (మోటారు శక్తి) సగానికి తగ్గించి, విమానాన్ని తిప్పే కుడి స్టిక్ వదిలేయ్. చాలాసార్లు అదే కుదురుకుంటుంది. ముక్కు దించి గింగిరాలు తిరుగుతుంటే మాత్రం ముందు రెక్కలు సమం చేసి, ఆ తర్వాత మెల్లగా ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్ లాగు. అందుకే మొదటి రోజుల్లో ఎత్తులోనే ఎగరెయ్యి. తప్పు సరిదిద్దుకునే టైమ్ అక్కడే దొరుకుతుంది.

అందరినీ తికమకపెట్టేది విమానం మన వైపు వచ్చేటప్పుడు. దూరంగా వెళ్లేటప్పుడు దాని కుడి, నీ కుడి ఒకటే. ఎదురుగా వస్తుంటే తారుమారవుతాయి. అప్పుడు కుడి, ఎడమ అని ఆలోచించకు. ఏ రెక్క కిందికి దిగిందో ఆ వైపుకే స్టిక్ నెట్టు, వాలిపోతున్న పందిరికి గుంజ పెట్టినట్టు. ఇది మెదడుకి అర్థమైతే సరిపోదు, వేలికి రావాలి. ఇంట్లో సిమ్యులేటర్ మీద రోజూ కాసేపు ఇదొక్కటే సాధన చెయ్యి, మిగతా విన్యాసాలు తర్వాత.

ఇక సి.జి. (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) విషయంలో రాజీ పడకు. బ్యాటరీ లోపల పెట్టాక, మాన్యువల్‌లో చెప్పిన చోట రెక్క కింద రెండు వైపులా చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని ఎత్తు. మామూలుగా ఆ చోటు ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉంటుంది. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు రవ్వంత కిందికి వాలాలి. తోక దిగిందంటే ఆ రోజు ఎగరెయ్యొద్దు. బ్యాటరీని ముందుకి జరిపి మళ్లీ చూడు.

ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ముందు ఆన్ చెయ్యి, చివర్లో ఆఫ్ చెయ్యి. బ్యాటరీ కనెక్ట్ చేసిన క్షణం నుంచి ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగొచ్చు అనే అనుకో, వేళ్లు దూరంగా ఉంచు. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి నెడితే కుడి ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి, ఎలివేటర్ స్టిక్ నీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ప్రతిసారీ చూసుకో.

ఎగరడం, దిగడం రెండూ గాలికి ఎదురుగానే. దిగడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రన్‌వే అందేలా లేదనిపించగానే చెయ్యి ఎలివేటర్ లాగబోతుంది. లాగితే ముక్కు లేస్తుంది, వేగం చచ్చిపోతుంది, స్టాల్ అయ్యి, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక, ఒక రెక్క దబ్బున పడిపోతుంది. అంత తక్కువ ఎత్తులో దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు. దూరం చాలకపోతే కొంచెం థ్రాటిల్ పెంచు. దిగే వేగాన్ని థ్రాటిల్‌తో, ముందుకెళ్లే వేగాన్ని ఎలివేటర్‌తో సరిచూసుకోవడం అలవాటు చేసుకో. ముందు బాగా ఎత్తులో థ్రాటిల్ తగ్గించి, కావాలని స్టాల్ చేసి చూడు. పడే ముందు స్టిక్‌కి సరిగ్గా స్పందించకుండా ఎలా మెత్తబడుతుందో నీ కళ్లకే కనిపిస్తుంది. వరస కుదరకపోతే థ్రాటిల్ ఇచ్చి ఇంకో రౌండ్ తిప్పు, అందులో నామోషీ ఏం లేదు. మోకాలెత్తుకి వచ్చాక థ్రాటిల్ పూర్తిగా తీసేసి, ఎలివేటర్ కొద్దికొద్దిగా లాగుతూ ఉండు.

మొదటి కొన్ని ఫ్లైట్లు ఒంటరిగా వద్దు. తెలిసినవాళ్లు బడ్డీ బాక్స్‌తో (నీ రిమోట్‌కి జత చేసిన రెండో రిమోట్) పక్కన ఉంటే, నీ చేయి దాటిపోయినప్పుడు వాళ్లు అందుకుంటారు. మనుషుల మీదుగా, రోడ్డు మీదుగా, సూర్యుడికి అడ్డంగా ఎగరెయ్యకు.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. 3.5 దగ్గరికి రాకముందే దించెయ్, అందుకు టైమర్ పెట్టుకో. నాలుగు రోజులు వాడనప్పుడు సెల్‌కి 3.8 దగ్గర ఉంచి దాచు. ఛార్జింగ్ పెట్టి బయటికి వెళ్లకు, ఉబ్బినదాన్ని మళ్లీ వాడకు.

సి.జి. చూసేటప్పుడు వేళ్ల మీద ఉన్న విమానాన్ని పక్కనుంచి ఫొటో తీసి పంపు. బ్యాటరీ ఎక్కడ పెట్టాలో చూసి చెబుతాను.

మీ మామయ్య