జర్మనీలో ఎన్నికల ముందు తీవ్ర రైట్‌వింగ్ పార్టీల యాడ్స్‌ని టీవీలో ఎందుకు వేస్తారు?

వేయకపోతే చట్టాన్ని తప్పినట్టే కాబట్టి వేస్తారు, ఇష్టపడి కాదు. అనంతపురంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తరచూ అడిగే డౌట్ ఇది.

అక్కడ ఒక పార్టీని నిషేధించే అధికారం రాజ్యాంగ న్యాయస్థానానికి మాత్రమే ఉంది. నిషేధం పడనంతవరకు, అది ఎంత విషం కక్కే పార్టీ అయినా సరే, ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ లాంటి ప్రజా ప్రసార సంస్థలు మిగతా పార్టీలకు సమయం ఇస్తూ దాన్ని మాత్రం పక్కన పెట్టడం కుదరదు. అయితే అందరికీ సమానంగా కాదు, బలాన్ని బట్టి వాటా. మన కడప ఆకాశవాణిలో ఎన్నికలప్పుడు వినిపించే పార్టీ ప్రసంగాలు కూడా ఇలాంటి పద్ధతే, గుర్తింపు ఉన్న పార్టీలకు పాత ఓట్లను చూసి నిమిషాలు పంచుతారు.

2019 యూరప్ పార్లమెంటు ఎన్నికలే చూడండి. వలస వచ్చినవాళ్లను హంతకులుగా చూపించే, ఎన్‌పీడీ అనే తీవ్ర రైట్‌వింగ్ పార్టీ యాడ్‌ని జెడ్‌డీఎఫ్ ఆపేసింది, అది జనం మీద ద్వేషం రెచ్చగొట్టే నేరమేనని కోర్టులు సమర్థించాయి. తర్వాత ఆ పార్టీ మార్చి తెచ్చిన యాడ్‌ని ఇంకో ప్రజా ప్రసార సంస్థ ఆపితే మాత్రం, అదే రాజ్యాంగ న్యాయస్థానం మే నెలలో వేయమని చెప్పింది. గీత ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే కేసు లేదు: పార్టీ నచ్చలేదని ఆపకూడదు, యాడ్‌లో నేరం ఉంటేనే ఆపాలి.

చాలామంది పొరబడేది యాడ్‌ని, వార్తని ఒకటే అనుకుని. యాడ్‌లో మాటలకు బాధ్యత పార్టీదే, దాన్ని వేసినంత మాత్రాన ఛానెల్ ఆ పార్టీకి కొమ్ము కాసినట్టు కాదు. వార్తల్లో మాత్రం ఏం ప్రశ్న వేయాలో, ఏ అబద్ధాన్ని బయటపెట్టాలో ఎడిటర్ల చేతిలోనే ఉంటుంది.