రాతి ఇంట్లో వారం రోజులు ఉండబోతున్న సుధకు

చిరంజీవి సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఈసారి రోమ్, వెనిస్ తిరగబోమని, దక్షిణ ఇటలీలో పూలియా వైపు శంకువు కప్పుల రాతి ఇంట్లో వారం రోజులు ఊరికే కూర్చుంటామని రాశావు. మంచి పని. కాకపోతే ఇల్లు బుక్ చేసినంత మాత్రాన ప్రశాంతత దొరకదు. ఇల్లు ఎక్కడుంది, ఏ నెలలో వెళ్తున్నారు, అక్కడి వేళలకు మీరిద్దరూ సర్దుకుంటారా అన్నవాటి మీదే అంతా ఉంది.

ట్రుల్లి, అంటే ఈ శంకువు కప్పుల రాతి ఇళ్లు, అనగానే అందరూ అల్బెరోబెల్లోలోనే గది వెతుకుతారు. 1996లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఊరు, చూడాల్సిందే. కానీ పగలంతా బస్సుల్లో వచ్చే జనం. నీ గుమ్మం ముందే నిలబడి సెల్ఫీలు దిగుతారు. ఒకరోజు పొద్దున్నే వెళ్లి చూసి వచ్చేయండి. బస మాత్రం లోకొరొతోందో, చిస్తెర్నీనో ఊళ్ల చుట్టూ ఉన్న పొలాల్లో చూసుకోండి. ప్రకటనలో సీఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడు, 2025 నుంచి అక్కడ అది తప్పనిసరి. దిగగానే యజమాని పాస్‌పోర్టులు అడిగితే అనుమానపడొద్దు. అతిథుల వివరాలు పోలీసులకు పంపాలని వాళ్ల చట్టం.

ఆగస్టులో వద్దు. 15వ తేదీ వాళ్లకు పెద్ద పండగ, ఇటలీ అంతా సెలవుల్లో ఉంటుంది. చలికాలంలో రాయి చెమ్మ పట్టి దుప్పట్లు కూడా తడిగా అనిపిస్తాయి. మే నెలగానీ సెప్టెంబరు చివరగానీ బాగుంటుంది. సముద్రమట్టానికి 400 మీటర్ల ఎత్తు కదా, మేలో కూడా రాత్రిళ్లు శాలువా కావాలి.

ఇక ఇంటి సంగతి. కట్టినవాళ్లు సున్నం, మట్టి ఏదీ పెట్టకుండా రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయారు. కప్పు కూడా అంతే, పలుచని సున్నపురాతి పలకలు వరసలు వరసలుగా లోపలికి జరుగుతూ పైన కలుస్తాయి. అల్బెరోబెల్లోలో దీనికో కథ ఉంది. కొత్త ఊరు కడితే నేపుల్స్ రాజుకు పన్ను కట్టాలి. అందుకని అక్కడి జమీందార్లు, అక్వావీవా వంశపు ప్రభువులు, తనిఖీకి వస్తే ఊడదీయడానికి వీలుగా ఇళ్లు కట్టమన్నారట. 1797లో ఆ ఊరు వాళ్ల చేతిలోంచి బయటపడింది. నన్నడిగితే పన్ను ఒక్కటే కారణం కాదు. పొలం దున్నితే తేలే రాయి అది. పారేయడానికి చోటు లేక గోడ కట్టేసి ఉంటారు.

గోడలు బాగా మందం, కిటికీలు చిన్నవి. పగలు ఎండ ముదరకముందే తలుపులు, కిటికీ రెక్కలు మూసేయండి. చీకటి పడ్డాక తెరవండి. ఇదొక్కటి పాటిస్తే ఏసీ అక్కర్లేదు. మనవాళ్లు "గాలి రావాలి" అంటూ మిట్టమధ్యాహ్నం అన్నీ బార్లా తెరిచి, ఇల్లు వేడెక్కిందని యజమానితో తగాదా పెట్టుకుంటారు. కప్పు మీదకు ఎక్కొద్దు, ఫొటో కోసం కూడా. ఆ ప్రాంతంలో వాగులు, ఏర్లు లేవు. పాతకాలంలో కప్పు మీద పడ్డ వాన నీళ్లనే ఇంటి కింద తొట్టిలో పట్టుకునేవారు. పొలాల్లో కొన్ని ఇళ్లకు ఇప్పటికీ తొట్టి నీళ్లే, కాబట్టి కుళాయి నీళ్లు తాగొచ్చా అని దిగగానే అడుగు.

వంటకు వస్తే, ఆవకాయ పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకుకూ సర్టిఫికెట్ అడుగుతారు, వదిలేయ్. పోపు ఘాటుగా పెట్టకు, ఆ చిన్న కిటికీల గదుల్లోంచి వాసన మూడు రోజులైనా పోదు. అయినా ఫావే ఎ చికోరియా ఉండగా మనకు లోటేముంది? ఎండు చిక్కుడు గింజలను మన ముద్దపప్పులా మెత్తగా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెట్టి, పైన ఆలివ్ నూనె పోస్తారు. అల్లుడు శాకాహారి కదా, ఒరెక్కియెత్తె పాస్తా చెప్పేముందు ఆంచోవీలు వేశారా అని అడగమను. ఆకుకూరతో చేసిందాంట్లో ఆ చిన్న చేపలు కరిగిపోయి ఉంటాయి, కంటికి కనబడవు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కొట్లు మూసేస్తారు, సాయంత్రం దాకా తెరవరు. ఆ వేళను వాళ్లు కొంత్రోరా అంటారు. బయట తిరగడానికి టెన్షన్ పడకుండా మీరూ పడుకోండి. కూరగాయలు, రొట్టె పొద్దున్నే కొనుక్కోండి. ఆదివారాలు ఆ ఊళ్లకు వెళ్లే రైళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు, పొలాల్లో ఉంటే కారు తప్పదు. ఆర్టీవోలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి. పాత ఊళ్ల మధ్యలో జెడ్‌టీఎల్ (అనుమతి లేని కార్లు వెళ్లకూడని చోటు) బోర్డు కనబడితే కారు లోపలికి పోనివ్వొద్దని అల్లుడికి గట్టిగా చెప్పు. కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

ఆ గోడల లోపల ఫోను సిగ్నల్ సరిగా అందదు. మీ అమ్మకు ముందే చెప్పి వెళ్లు, లేకపోతే నాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది. బుక్ చేసేముందు ఇళ్ల లింకులు నాకు పంపు. మంచం అటక మీద వేసి, నిచ్చెన పెట్టి, రొమాంటిక్ అని రాసినవి ఏరి పారేద్దాం. అల్లుడి మోకాలికి అవి పనికిరావు.

ఇట్లు,
పెద్దమ్మ